అమ్మది చర్చి, నాన్నది ఎర్రజెండా: ఈ రెంటికీ ఎక్కడ చెడింది?

గుండ్లకమ్మ ఒడ్డు (ప్రశ్న)

సూటిగా అడుగుతున్నాను. క్రైస్తవులకూ కమ్యూనిస్టులకూ మధ్య ఉన్న తగువు నిజంగా దేవుడి గురించేనా? మా ఊళ్లో జరుగుతున్నది చూస్తుంటే నాకలా అనిపించడం లేదు.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మకు దగ్గరి పల్లె. అమ్మ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగింది. నాన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వ్యవసాయ కార్మిక సంఘంలో తిరుగుతున్నాడు. మా ముందు గదిలో ఒక గోడకు చర్చివాళ్లు ఇచ్చిన వాక్యాల క్యాలెండరు, ఎదురు గోడకు సుందరయ్యగారి ఫొటో ఉంటాయి. రెండింటి దుమ్మూ అమ్మే తుడుస్తుంది. ఇన్నేళ్లలో ఆ గోడల మధ్య తగువు రాలేదు.

ఈ ఏడు మిరప కోతలకు ముందు కూలి యాభై రూపాయలు పెంచమని అడగాలనుకున్నారు. అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి చర్చి ఆవరణ ఇవ్వమని నాన్న అడిగాడు. పల్లెలో అంతమందికి నీడ ఉన్న చోటు అదొక్కటే. పాస్టరుగారు కుదరదన్నారు. చర్చికి రేకులు వేయించింది ఊళ్లో ఎక్కువ మిరప వేసే రైతు. ఆ వచ్చిన ఆదివారం బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, పై అధికారులకు లోబడి ఉండాలని గంటసేపు చెప్పారు. ఎర్రజెండా పట్టిన ఇంటివాళ్లు ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, పాల్గొనకూడదని చివరన అన్నారు. అమ్మ ముసుగు సర్దుకుని బయటికి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

రెండో వైపు సంగతి కూడా చెప్పాలి. మండల కేంద్రంలో జరిగిన పార్టీ తరగతిలో నాన్న వయసులో సగం కూడా లేని ఒక నాయకుడు, ఇంట్లో బైబిలు పెట్టుకుని సభ్యత్వం ఎలా తీసుకున్నావని అందరి ముందూ అడిగాడట. క్యాలెండరు తీసేయమన్నాడట. నాన్న తీయలేదు. ఆ మాట గురించి ఇంట్లో మళ్లీ ఎత్తనూ లేదు.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరూ ఫోనులో మామూలుగానే మాట్లాడుతున్నారు గాని గొంతులో తేడా తెలుస్తోంది. సిద్ధాంత చర్చ నాకు వద్దు. ఈ రెండూ ఎక్కడ ఎదురుపడ్డాయి, ఎక్కడైనా కలిసి నడిచాయా, తెలిసినవాళ్లు జరిగినవి చెప్పండి.

సోషల్ మాస్టారు, చీరాల

అమ్మా, నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఏటి ఒడ్డునే ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. ఆయన పేరే అందరికీ తెలుసు గాని, పల్లెలు తిరిగి మాదిగవాడల్లో మాట చెప్పింది తాళ్లకొండపాడు మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవారు మొదట్లోనే దొరకు తేల్చి చెప్పారు. ఆయన మాదిగల వైపు ఉండిపోయాడు. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు.

ఆ మూడోదాని దగ్గర ఆగండి. వెట్టి మనిషి వారానికి ఒక రోజు నేను పనిలోకి రాను అంటున్నాడు. కోతల కాలమైనా రానంటున్నాడు. జాతరలో డప్పు కూడా కొట్టనంటున్నాడు. ఊరి కరణాలు, మునసబులు, ఆసాములు ఊరుకోలేదు. బావులు మూయించారు, కొట్టించారు, దొంగ కేసులు పెట్టించారు. వాళ్లను అంతగా మండించింది ఏసుక్రీస్తు దేవుడా కాదా అన్న ప్రశ్న కాదు. పనివాడి ఏడో రోజు తమ చేతిలోంచి జారిపోయింది. నా లెక్కలో మన ప్రాంతంలో కూలివాడు చేసిన తొలి సమ్మెల్లో ఆ ఆదివారాలను చేర్చాలి.

తర్వాత 1876 నుంచి 78 వరకు పెద్ద కరవు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ స్వయంగా గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరవు పనులు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర, మీ గుండ్లకమ్మలోనే, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ అమ్మగారి సంఘం మూలం అక్కడుంది. మీ పాస్టరుగారు రోమా 13 చదివే ముందు ఆ చరిత్ర తీసి చూస్తే, తన చర్చికి పునాది వేసినవాళ్లు ఊరి అధికారులకు లోబడనివాళ్లేనని తెలుస్తుంది.

ఇక ఎర్రజెండా. 1930ల్లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను కూడగట్టారు. పేరు చివర ఉన్న రెడ్డిని వదిలేశారు. పార్టీ మన జిల్లాల్లో కూలి రేట్ల కోసం, బంజరు భూముల కోసం పోరాడింది, దెబ్బలు తింది, ప్రాణాలిచ్చింది. వాడల్లో ఆ జెండాకు గౌరవం అలా వచ్చింది. ఆదివారం చర్చికి వెళ్లినవాళ్లే సోమవారం ఊరేగింపులో నడిచారు. ఒకే ఇంట్లో ఒక కొడుకు యోహాను, ఇంకొకడు స్టాలిన్. నా తరగతుల్లో అలాంటి అన్నదమ్ములు కూర్చునేవారు.

కాని కోస్తాలో పార్టీని నడిపినవారిలో చాలామంది భూమి ఉన్న కులాల నుంచి వచ్చినవారే. వారి త్యాగాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. అయినా కులం గురించి అడిగితే, వర్గపోరాటం గెలిస్తే అదే పోతుందనే జవాబు చాలాకాలం వచ్చింది. మన పక్కనే ఉన్న కారంచేడులో 1985 జూలైలో ఏం జరిగింది? మాదిగవాళ్లు తాగే చెరువు నీటిని పాడు చేయవద్దని మున్నంగి సువార్త అడ్డుపడింది. మర్నాడు, 17న, వాడ మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తుకొచ్చారు. ఆ శిబిరాన్ని నేను చూశాను. అక్కడున్న చాలామంది పేర్లు బైబిలు పేర్లు. దేవుడు ఉన్నాడా లేడా అని ఆ రోజు అక్కడ ఎవరూ వాదించుకోలేదు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి దళిత మహాసభ కట్టారు. చర్చి మీదా పార్టీ మీదా ఉన్న అసంతృప్తి రెండూ అందులోకి చేరాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

మీ ఇంట్లో ఇంకో ముడి కూడా ఉండే ఉంటుంది, మీరు రాయలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. అదే పేరాలోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన దగ్గర మతం మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఇస్తారు. వాడ మారదు, బావి దగ్గర చూపు మారదు, చేసే పని మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును ఆయన క్రైస్తవుడు కాబట్టి చెల్లదని కొట్టేసింది. ఈ విషయంలో చర్చిలవాళ్లూ సీపీఐ, సీపీఎంలూ అడుగుతున్నది ఒకటే: దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా ఆ మేరకు తీర్మానం చేసింది. కలిసి నడవడానికి ఇంత పెద్ద పని ఎదురుగా ఉండగా, క్యాలెండరు తీయించాలని ఒకరు, బల్ల దగ్గర ఆపాలని ఒకరు పట్టుబట్టడం చూస్తే నాకు కడుపు మండుతోంది.

కొచ్చి తెలుగువాడు

మాస్టారికి నమస్కారం. నేను నౌకల మరమ్మతు పనిలో చాలాకాలంగా కొచ్చిలో ఉంటున్నాను. కేరళ సంగతి కలుపుతాను, ఎందుకంటే ఈ రెండు పక్షాలూ దేశంలో అన్నిటికంటే గట్టిగా ఢీకొన్నది ఇక్కడే.

1957 ఏప్రిల్‌లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ నాయకత్వంలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. విద్యా బిల్లు తెచ్చిన మంత్రి జోసెఫ్ ముండశ్శేరి, స్వయంగా కేథలిక్కు. అప్పట్లో ప్రైవేటు బడుల్లో టీచరును పెట్టుకోవడం, తీసేయడం మేనేజరు ఇష్టం. ఆ బడుల్లో చాలావాటికి మేనేజరు చర్చి. ఇకపై జీతం ప్రభుత్వం నేరుగా ఇస్తుంది, నియామకం పబ్లిక్ సర్వీస్ కమిషన్ జాబితా నుంచి జరగాలి అన్నది బిల్లు. పక్కనే భూసంస్కరణల బిల్లు. చర్చి, నాయర్ల కుల సంఘమైన నాయర్ సర్వీస్ సొసైటీ, కాంగ్రెస్ కలిసి ‘విమోచన సమరం’ మొదలుపెట్టాయి. 1959 జూన్ 13న అంగమాలిలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. జూలై 31న కేంద్రం ప్రభుత్వాన్నే రద్దు చేసింది.

ఇక్కడి పెద్దవాళ్లతో మాట్లాడితే ఇప్పటికీ రెండు కథలు వినిపిస్తాయి. ఒక ఇంట్లో అంగమాలి వాళ్లు అమరులు. ఇంకో ఇంట్లో, మేనేజరుకు జీతంలో వాటా ఇచ్చి మిగిలినది ఇంటికి తెచ్చుకున్న టీచరుకు ఆ బిల్లే దేవుడిచ్చిన వరం. ఇద్దరూ క్రైస్తవులే. ఆ ఊరేగింపుల్లో దేవుడి పేరు గట్టిగా వినిపించినా, చేతులు మారబోయినది బడి మీద పెత్తనం, నేల మీద హక్కు. మీకు అనిపించినది నాకూ నిజమే అనిపిస్తుంది.

ఇక్కడివాడే అయిన ఎం.ఎం. థామస్ గురించి మీ నాన్నగారికి చెప్పండి. 1940ల్లో ఆయన మార్తోమా చర్చిలో గురుపట్టం అడిగాడు, కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వమూ అడిగాడు. మార్క్సిజం వాసన ఉందని చర్చి కాదంది. క్రైస్తవ విశ్వాసం వదలలేదని పార్టీ కాదంది. రెండు చోట్లా తలుపు వేసినా ఆ మనిషి రెండింటినీ చదవడం మానలేదు. తర్వాత ప్రపంచ చర్చిల మండలి కేంద్ర కమిటీకి 1968 నుంచి 75 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు, ఎమర్జెన్సీని బాహాటంగా వ్యతిరేకించాడు, 1990లో నాగాలాండ్ గవర్నరయ్యాడు. మీ నాన్నగారికి జరిగినది ఇంత పెద్ద మనిషికీ జరిగింది.

ఇప్పటి రోజులకు వస్తే, కేథలిక్కుల ఓట్ల మీద నిలబడిన కేరళ కాంగ్రెస్ (ఎం) 2020లో వామపక్ష కూటమిలో చేరింది. బల్లలూ క్యాలెండర్లూ అడ్డం రాలేదు. లెక్క కుదిరింది, చేరారు.

పాస్టరు, పల్నాడు

సహోదరీ, మీ అమ్మగారిని బల్ల దగ్గర ఆపడం తప్పు. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తాను. కూలి అడగడం పాపమని ఏ లేఖనమూ చెప్పదు. ఒక ఇంటిమీద ఉన్న జెండాను బట్టి రొట్టె, ద్రాక్షారసం ఆపే అధికారం ఏ పాస్టరుకూ లేదు.

అయితే చర్చికి ఉన్న భయాన్ని భూస్వాముల కుట్రగా మాత్రమే చూస్తే నాకు బాధగా ఉంటుంది. మాస్కోలో క్రీస్తు రక్షకుని కేథడ్రల్‌ను 1931లో స్టాలిన్ ప్రభుత్వం మందుపాతర పెట్టి కూల్చింది. సోవియట్ శిబిరాల్లో బోధకులు, బిషప్పులు, మామూలు విశ్వాసులు చనిపోయారు. అల్బేనియా 1967లో ఆరాధనా స్థలాలన్నిటినీ మూసేసి తమది నాస్తిక దేశమని చాటుకుంది. 1949లో రోము, కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని నమ్మి ప్రచారం చేసే కేథలిక్కులను వెలివేస్తున్నట్టు ఆజ్ఞ ఇచ్చింది. మేం కేథలిక్కులం కాకపోయినా ఆ భయం మా బైబిలు కాలేజీల దాకా వచ్చింది. నేను చదువుకునేటప్పుడు కమ్యూనిజం అంటే మాకు చెప్పింది ఈ చరిత్రే. మన ఊళ్ల కూలి పోరాటం ఆ పాఠంలో లేదు.

మాస్టారు చెప్పని సంగతి ఒకటుంది. మీ పాస్టరుగారు బతికేది దేనిమీద? సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ లాంటి సంఘాల్లో డయాసిస్, సినడ్ అని పై పాలక వ్యవస్థలు ఉంటాయి, ఎంత ఆలస్యమైనా జీతమంటూ ఒకటి వస్తుంది. పల్లెల్లో స్వతంత్రంగా నడిచే చర్చికి ఆదివారం కానుకల సంచి, దశమభాగం తప్ప వేరే ఆధారం లేదు. మిరప కోతలు లేని నెలల్లో ఆ సంచిలో ఏం పడుతుందో నాకు తెలుసు. పిల్లల ఫీజుల నెల వచ్చేసరికి రేకులు వేయించిన మనిషి ఎదురుగా కనబడతాడు. ఆయన ఏమీ అడగడు. అడగకుండానే పాస్టరు నోరు కట్టుబడుతుంది. నేను ఆ స్థితిలో ఉన్నవాణ్ణే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కూలివాళ్లు తమ చర్చిని తమ డబ్బుతో నిలబెట్టుకున్న చోట పాస్టరు కూలివాళ్ల మాట మాట్లాడతాడు. లేనిచోట రోమా 13 మాట్లాడతాడు.

మీ నాన్నగారు సంఘపెద్దల దగ్గరికి వెళ్లేటప్పుడు జెండా సంగతి పక్కన పెట్టి యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీసుకెళ్లమనండి. చేను కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవిన పడ్డాయని నాలుగో వచనంలో ఉంది. చేను, కోత, కూలి మూడూ అందులోనే ఉన్నాయి. దాన్ని చదివి వినిపించి, ఇప్పుడు ఆవరణ ఇస్తారా అని అడిగితే కాదనడం ఏ పెద్దకైనా కష్టం.

మానవవాది, విజయవాడ

మతం ఏదైనా చివరికి ఉన్నవాడికే కొమ్ము కాస్తుంది. నాకిది కొత్త కాదు. గోరాగారి నాస్తిక కేంద్రం మీటింగులకు చిన్నప్పటి నుంచి వెళ్లినవాణ్ణి. కాని ఇంట్లో క్యాలెండరు తీయమన్న కుర్ర నాయకుడిని నేను సమర్థించను. గోరా కొడుకు లవణం పెళ్లి చేసుకున్నది మహాకవి జాషువా కూతురు హేమలతను. ఆ నాస్తికుల ఇంట్లో క్రైస్తవ కవి కూతురు కలిసి పనిచేసింది, జోగినుల విముక్తి కోసం నిజామాబాదు జిల్లా అంతా తిరిగింది. గోడమీద ఏముందని కాకుండా చేసిన పని చూసి మనిషిని లెక్కపెట్టడం నాస్తికుడికి కూడా రావాలి.

గుండ్లకమ్మ ఒడ్డు

పాస్టరుగారూ, కానుకల సంచి గురించి మీరు రాసినది అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. పాస్టరమ్మగారు మొన్న మా ఇంటికి వచ్చి కిలో కందిపప్పు అప్పు తీసుకెళ్లిందని చెప్పింది. కోపం పూర్తిగా పోలేదు గాని గొంతు కొంచెం మెత్తబడింది.

మాజీ సెమినేరియన్, గుంటూరు

కేథలిక్కు సెమినరీలో కొన్నేళ్లు చదివి బయటికి వచ్చినవాణ్ణి. ‘కలిసి నడిచాయా’ అని అడిగారు కాబట్టి, నడిచిన చోటు లాటిన్ అమెరికా. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో బిషప్పులు సమావేశమై పేదల పక్షాన నిలబడాలన్నారు. పెరూ గురువు గుస్తావో గుటియెర్రెజ్ దానికి సిద్ధాంతం రాశాడు, విమోచన వేదాంతం అని మన దగ్గరా పేరు పడింది. గుడిసెల్లో పది పదిహేను కుటుంబాలు కూర్చుని సువార్త చదువుకుని, ఇది మన ఊరి నీటి పంపుకు ఎలా వర్తిస్తుందని అడిగేవారు. ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో సాదాసీదా సంప్రదాయ గురువు, కమ్యూనిస్టు కాడు. తన కళ్లముందు రైతుకూలీలను చంపుతుంటే మాట్లాడాడు. సోదరులను చంపవద్దని సైనికులకు బాహాటంగా చెప్పిన మర్నాడే, 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా కాల్చి చంపారు. వాటికన్ ఆయనను పునీతుడిగా ప్రకటించేసరికి 2018 వచ్చింది.

అదే వాటికన్ 1984లో, మార్క్సిస్టు విశ్లేషణను అరువు తెచ్చుకోవద్దని విమోచన వేదాంతాన్ని హెచ్చరించింది. అంతకు ముందు ఏడు నికరాగువాలో విమానం దిగిన పోప్ జాన్ పాల్ II ముందు, అక్కడి వామపక్ష సాండినిస్టా ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న గురువు ఎర్నెస్టో కార్దెనాల్ మోకాళ్లూని ఉంగరం ముద్దు పెట్టుకోబోతే, పోప్ చేయి వెనక్కి తీసుకుని వేలు చూపించి మందలించాడు. ఆ ఫొటో మా సెమినరీ లైబ్రరీలో పాత పత్రికలో ఉండేది. మాలో సగంమంది పోప్‌దే న్యాయమనేవారు. నేను ఆ మోకాళ్లూనిన ముసలాయనను మరిచిపోలేదు. గురువుగా పనిచేయకుండా ఆయన మీద ఉన్న నిషేధం 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఎత్తేశారు.

మన దేశంలో కేథలిక్కు గురువు స్టాన్ స్వామి పేరు మీకు తెలిసే ఉంటుంది. జార్ఖండ్ ఆదివాసుల భూమి, విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న కుర్రాళ్లు, ఇవీ ఆయన పట్టుకున్న పనులు. మావోయిస్టులతో సంబంధం ఉందంటూ 2020 అక్టోబరులో భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. మన వరవరరావుగారూ అదే కేసులో నిందితుడు. పార్కిన్సన్స్ జబ్బుతో గ్లాసు పట్టుకోలేని ఎనభై మూడేళ్ల మనిషి, నీళ్లు తాగడానికి స్ట్రా ఉన్న కప్పు కోసం కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2021 జూలై 5న, బెయిలు రాకుండానే పోయారు. పనివాడి పక్షాన గట్టిగా నిలబడిన గురువును మావోయిస్టు అంటారు. మీ నాన్నగారిని విశ్వాసి అని పార్టీలో నిలదీశారు. రెండు మాటలూ ఒకే పని చేస్తున్నాయి.

ఖమ్మం కూలి సంఘం అక్క

చెల్లీ, అందరూ పోపుల గురించీ మంత్రుల గురించీ రాశారు. నేను ఆడవాళ్ల సంగతి రాస్తాను.

మాది పత్తి, మిరప. ఏరేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మగవాళ్లకు ఎక్కువ రేటు, మాకు తక్కువ రేటు. ఒక ఏడు మేం పని ఆపాం. పార్టీ ఆఫీసులో జరిగిన మీటింగుకు మాలో ఎవరూ వెళ్లలేదు. అది మగవాళ్ల చోటు, రాత్రి పూట మీటింగు. మేం మాట్లాడుకున్నది చర్చిలో స్త్రీల సమాజం కూడే గురువారం సాయంత్రం. ప్రార్థన అయ్యాక చాపలు ఎత్తకుండా అలాగే కూర్చున్నాం. ఎవరు ఏ చేనుకు వెళ్తున్నారు, మేస్త్రి ఎంత కోస్తున్నాడు, ఎవరి ఇంట్లో బాకీ ఉంది, ఎవరిని బెదిరిస్తే లొంగుతారు, ఇవన్నీ మాకు ముందే తెలుసు. వారం వారం ఒకరి కష్టం ఒకరం ప్రార్థనలో చెప్పుకుంటాం కదా.

పని ఆపిన రోజుల్లో అన్నం ఎలా? మా ఇళ్లలో పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ పిడికెడు బియ్యం చర్చికి తీసుకెళ్తాం, వేలం వేసి డబ్బు సంఘానికి వాడతారు. ఆ రెండు వారాలు వేలం ఆపమని సంఘపెద్దను అడిగాం. ఆయన భార్య కూడా మాతో పత్తి ఏరే మనిషే. కాదనలేదు. ఆ బియ్యం మూటలు విప్పి, ఇంట్లో ఏమీ లేనివాళ్లకు పంచాం. మొదటి శతాబ్దపు విశ్వాసులు ఆస్తులు అమ్మి అవసరాన్ని బట్టి పంచుకున్నారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. మా దగ్గర ఆస్తులు లేవు, బియ్యం ఉంది. రేటు మగవాళ్లతో సమానం కాలేదు గాని పెరిగింది. మర్నాటి నుంచి పార్టీవాళ్లు మా మీటింగులను పగటిపూట పెట్టడం మొదలుపెట్టారు.

నీ చర్చి ఆవరణ రాకపోతే రాకపోనీ. మీ అమ్మను స్త్రీల సమాజంలో ఎవరూ ఆపలేదు కదా. అక్కడ మొదలుపెట్టమను. ముందుగా ఒక్కటి ఖాయం చేసుకోండి: పక్క ఊరి నుంచి ట్రాక్టరులో కూలీలను దించకుండా చూసుకోవాలి. ఆ ఊళ్లో కూడా మీ చర్చివాళ్లే ఉంటారు, వాళ్ల ఆడవాళ్లతో ముందే మాట్లాడాలి.

గుండ్లకమ్మ ఒడ్డు

అందరికీ నమస్కారాలు. ఈ ఆదివారం ఊరికి వెళ్లి ఇవన్నీ చదివి వినిపించాను. ఎం.ఎం. థామస్ సంగతి నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. మాస్టారూ, పేరయ్యగారి పేరు అమ్మకు తెలుసు, సండే స్కూల్లో చెప్పారట. ఆదివారం పని మానినందుకు బావులు మూసేశారన్నది మాత్రం ఎవరూ చెప్పలేదట. ఈ సంగతి పాస్టరుగారి దగ్గర ఎత్తుతానంది. నాన్న యాకోబు 5 కాగితం మీద రాయించుకున్నాడు. సంఘపెద్దల్లో ఇద్దరు వింటామన్నారు, ఇంకా ఇద్దరు రేకులు వేయించిన రైతు మనుషులే.

అక్కా, మీరు చెప్పిన పక్క ఊరి మాట సరిగ్గా తగిలింది. మేస్త్రి నిన్ననే అటు వెళ్లొచ్చాడట. అక్కడి స్త్రీల సమాజం శుక్రవారం కూడుతుంది, అమ్మ వెళ్దామంటోంది. వాళ్లకు ఇంతకు ముందే బయానా ముట్టి ఉంటే ఎలా మాట్లాడాలి? మీకు అలా జరిగినప్పుడు తిరిగి ఇప్పించారా, లేక ఆ కుటుంబాలను వదిలేశారా? కోతలకు ఇంకా పది రోజులే ఉంది, వీలైతే శుక్రవారం లోపు రాయండి.